ట్యాంకుకు కావలసింది మందు కాదు

గ్యాసు సిలిండరు ఏ రోజు మార్చామో మనకు గుర్తుంటుంది. పాలవాడికి ఎన్ని రోజుల బాకీ ఉందో, చంటిపిల్లకు ఏ టీకా ఎప్పుడు వేయించాలో కాగితం చూడకుండా చెప్పగలం. మరి మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది? దాన్ని చివరిసారి ఎప్పుడు క్లీన్ చేయించారు? నేను ఈ ప్రశ్న వేసిన చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆయనకు తెలుసేమో" అన్నారు. ఆయన్ని అడిగితే "కట్టిన మేస్త్రీకి తెలియాలి" అన్నారు. ఇల్లు కట్టి పదిహేనేళ్లయింది. ఆ మేస్త్రీ ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో!

సరిగ్గా ఇలాంటి ఇళ్లకే పొడి పొట్లాలు, మందు సీసాలు వచ్చి చేరుతున్నాయి. "నెలకో పొట్లం దొడ్లో వేసి రెండు బకెట్ల నీళ్లు పోయండి, ఇక జన్మలో ట్యాంకు తీయించే పని లేదు" అని దాని మీద రాసి ఉంటుంది. శానిటరీ సామాన్ల షాపులో దొరుకుతుంది, ఫోన్లో నొక్కితే ఇంటికే వస్తుంది. వాసన ఉండదు, గొయ్యి తవ్వక్కర్లేదు, వీధిలో అందరూ చూస్తుండగా ఆ బండిని పిలిపించుకోనక్కర్లేదు. ఇంతకంటే ఏం కావాలి? అందుకే "ఆ మందు వెయ్యమంటారా, వద్దంటారా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు.

జవాబు ముందే చెప్పేస్తాను. అక్కర్లేదు. డబ్బు దండగ అన్నది ఒక్కటే నా అభ్యంతరమైతే ఇంత పెద్ద వ్యాసం రాసేదాన్ని కాదు. ఆ పొట్లం ఇచ్చే ధైర్యంతో మనం ట్యాంకు సంగతి మరిచిపోతాం. ఆ మరుపు ఖరీదు ఒక్కోసారి ఎవరో ఒక మనిషి ప్రాణం. అదెలాగో చెబుతాను. అంతకు ముందు, ఆ ట్యాంకులో జరిగేదేమిటో చూద్దాం.

లెట్రిన్ నుంచి వెళ్లిన మురుగు ట్యాంకులో ఒకటి రెండు రోజులు కదలకుండా నిలబడుతుంది. బరువైనది అడుక్కి దిగి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు వంటి తేలికైనవి పైకి తేలి తెట్టు కడతాయి. మధ్యలో మిగిలిన నీళ్లు రెండో గొట్టం గుండా ఇంకుడు గుంతలోకి పోయి భూమిలో ఇంకుతాయి. గాలి తగలని ఆ చీకట్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు మడ్డిని కొంచెం కొంచెంగా కుళ్లబెట్టి కరిగిస్తుంటాయి. ఆ సూక్ష్మజీవులనే మేం పొట్లంలో పెట్టి ఇస్తున్నామని అమ్మేవాళ్లు చెబుతారు.

మన భాషలో చెప్పుకుందాం. పాలు పెరుగు కావాలంటే తోడు వేయాలి. కానీ ఇక్కడ పాలే తోడును వెంటబెట్టుకుని వస్తున్నాయి. మనిషి మలం ఒక్క గ్రాములో వేల కోట్ల సూక్ష్మజీవులుంటాయి. ఇంట్లో నలుగురూ రోజూ ఆ తోడు వేస్తూనే ఉన్నారు. అలాంటి గంగాళంలోకి నెలకోసారి ఓ చెంచాడు తోడు కొనుక్కొచ్చి కలిపితే ఒరిగేదేముంది?

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో నిజంగా వాడుకలో ఉన్న 48 సెప్టిక్ ట్యాంకుల మీద మూడు రకాల బాక్టీరియా మందుల్ని పరీక్షించారు. మందు వేయని ట్యాంకులతో వాటిని పోల్చి చూశారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. మందు వేసినంత మాత్రాన ట్యాంకులో సూక్ష్మజీవులేమీ పెరగలేదని తేలింది. అక్కడి పర్యావరణ సంస్థ కూడా మామూలు ఇళ్ల ట్యాంకులకు ఈ మందులు అవసరం లేదనే చెబుతోంది.

మందుల్లో మరో రెండు రకాలున్నాయి. ఒకటి యాసిడ్లు, కాస్టిక్ సోడా లాంటి ఘాటు రసాయనాలు. ఇవి ఉన్న సూక్ష్మజీవుల్ని చంపుతాయి, ట్యాంకు గోడల సిమెంటును, గొట్టాలను తినేస్తాయి. రెండోది జిడ్డును కరిగించే ద్రావకాలు. ఇవి నేలలోకి దిగి బావుల్నీ, బోర్లనూ పాడు చేయగలవు. పెరట్లో బోరు నీళ్లు తాగే ఇల్లు మనలో ఎన్నో! ఇంకుడు గుంతకూ తాగేనీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని నియమం. చిన్న స్థలాల్లో అదే కుదరడం లేదు. దాని మీద రసాయనాలు కూడానా?

"మరి మా ఇంట్లో పొడి వేశాక వాసన పోయిందండీ" అనేవాళ్లున్నారు. కాదనను. కొన్నిట్లో సువాసన కలుపుతారు. అసలు బాత్రూంలో వాసన చాలాసార్లు ట్యాంకు తప్పు కాదు. వాడని బాత్రూంలో నేల జాలీ కింద నిలవాల్సిన నీళ్లు ఎండిపోతే గొట్టంలోని గాలి తిన్నగా ఇంట్లోకి వస్తుంది. ఓ చెంబుడు నీళ్లు పోస్తే ఆగిపోతుంది. లేదా ట్యాంకు గాలి గొట్టం పొట్టిగా ఉండి కిటికీ దగ్గరే ముగిసి ఉంటుంది. దాన్ని డాబా పైదాకా పెంచితే చాలు.

ఇక ఇంటి వైద్యాలు. ఆవు పేడ నీళ్లు, పులిసిన మజ్జిగ, బెల్లం, రొట్టెలకు వాడే ఈస్టు... ఎవరికి తోచింది వాళ్లు పోస్తుంటారు. కొత్త ట్యాంకును మొదటిసారి వాడే ముందు నీళ్లతో నింపి, పాత ట్యాంకులోని మడ్డి కొంచెం గానీ, అది దొరక్కపోతే బాగా మాగిన పేడ కొంచెం గానీ వేయమని భారతీయ ప్రమాణాల సంస్థ నియమావళిలో ఉంది. అదీ ఒక్కసారే. ఆ తర్వాత నెలనెలా పోసే పేడ ట్యాంకులో మరింత మడ్డి అవుతుందే తప్ప ఉన్న మడ్డిని తగ్గించదు.

ఇప్పుడు అసలు సంగతి. ట్యాంకు ఎంత చక్కగా పనిచేసినా మడ్డి పూర్తిగా మాయమవదు. పొయ్యిలో కట్టె ఎంత బాగా కాలినా బూడిద మిగులుతుంది కదా, ఇదీ అంతే. మన ప్రభుత్వ సాంకేతిక నియమాలు రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించాలని చెబుతాయి. ఐదుగురున్న ఇంటికి దాదాపు 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల పైచిలుకు నీటి లోతు ఉన్న ట్యాంకు సరిపోతుందని లెక్క. మన మేస్త్రీలు దీనికి రెండింతలు, మూడింతలు కట్టేసి "ఇరవయ్యేళ్లు చూసుకోనక్కర్లేదమ్మా" అంటారు. మనమూ సంతోషిస్తాం. ఆ ఇరవయ్యేళ్లలో అడుగున మడ్డి రాయిలా గట్టిపడుతుంది. చివరికి ఓ పండగ రోజునో, పెళ్లివారు దిగిన రోజునో లెట్రిన్ పొంగుతుంది. బండి వస్తుంది. దాని గొట్టం పైనున్న నీళ్లు లాగుతుంది గానీ గట్టిపడిన మడ్డిని లాగలేదు. అప్పుడేం చేస్తారు? ఒక మనిషిని గునపం, బకెట్టు ఇచ్చి లోపలికి దించుతారు.

పొట్లానికీ, ప్రాణానికీ ముడి ఇక్కడే ఉంది. మందు వేశామన్న ధీమాతో వాయిదా వేసిన ప్రతి ఏడూ ఆ మడ్డిని ఇంకొంచెం గట్టి చేస్తుంది.

ట్యాంకులో పుట్టే వాయువుల్లో మీథేను ఉంటుంది, నిప్పు తగిలితే మండుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఇది కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే పోగొట్టుకుంటుంది. వాసన లేదు కదా అని దిగినవాడు రెండు మూడు గాలి పీల్పుల్లోనే పడిపోవచ్చు. పైనున్నవాడు "అయ్యో" అని తమ్ముణ్ణో, కొడుకునో రక్షించడానికి దూకుతాడు. అతనూ లేవడు. పేపర్లో ఒకే ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు చనిపోయిన వార్తలు మనం చదివేది ఇందుకే. కొవ్వొత్తి వెలిగించి దించి చూడటం పాత పద్ధతి. అది పేలుడుకు దారి తీస్తుంది, ఎవరినీ చేయనివ్వకండి.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గానీ, మురుగు కాలువలోకి గానీ దించి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మునిసిపాలిటీకే కాదు, ఇంటివారికీ ఇది వర్తిస్తుంది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ మొదటి తీర్పు వెనుక సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపిన పోరాటం ఉంది. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసే కుటుంబంలో పుట్టారు. 2016లో ఆయనకు మెగసేసే అవార్డు వచ్చింది. మన రాష్ట్రంలో కలెక్టరుగా, కార్యదర్శిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ ఈ ఉద్యమానికి చాలాకాలం అండగా నిలిచారు. వాళ్లు అంత దూరం నడిచింది మన పెరట్లోని మూత దగ్గర ఆగిపోకూడదు.

ఎందుకిది ఆడవాళ్ల పేజీలో రాస్తున్నానంటారా? ఆ బండి వచ్చేది పగటిపూట. ఆయన ఆఫీసులో ఉంటారు. మూత ఎక్కడుందో చూపించేదీ, బేరం ఆడేదీ, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేదీ మనమే. "గొట్టానికి రావడం లేదమ్మా, ఇంకో కొంత ఇస్తే మనిషి దిగుతాడు" అని అడిగేదీ మననే. ఆ క్షణంలో "వద్దు, ఎవరూ దిగొద్దు" అనాల్సిన గొంతు మనదే. మడ్డి గట్టిపడితే నీళ్లు పోసి, గొట్టంతో పీడనం పెట్టి, పైనుంచే పొడవాటి కర్రతో కలిపి మళ్లీ లాగవచ్చు. ఒక రోజు నానబెట్టి మర్నాడు రమ్మనవచ్చు. ఒక పూట ఆలస్యమైతే ఏం మునిగిపోదు.

ఇక మనం చేయవలసిన పనులు. అన్నీ కలిపినా నెలకు ఐదు నిమిషాల పని.

ముందుగా ట్యాంకు మూత ఎక్కడుందో తెలుసుకోండి. దాని మీద టైల్స్ పరిచేసి ఉంటే, తీయడానికి వీలైన మూత ఒకటి పెట్టించండి. తులసికోట, కారు షెడ్డు దాని మీద కట్టకండి. పక్కన వేళ్లు పాకే చెట్లు వేయకండి. మూత పగిలి ఉంటే ఈ రోజే మార్పించండి. ఆడుకునే పిల్లలు అందులో పడిన ఘటనలు మనకు కొత్త కాదు. గాలి గొట్టం మూతికి దోమ దూరని సన్నని వల కట్టించండి. బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ ఇలాంటి మురుగునీళ్లలోనే గుడ్లు పెడుతుంది. కోస్తా జిల్లాలవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మడ్డి ఎంత చేరిందో ఏడాదికోసారి చూడవచ్చు. పొడవాటి కర్రకు తెల్లటి పాతగుడ్డ చుట్టి అడుగుదాకా దించి తీస్తే, మడ్డి ఎంతవరకు ఉందో గుడ్డ మీద నల్లటి గుర్తు పడుతుంది. మడ్డీ, తెట్టూ కలిసి లోతులో మూడో వంతుకు వస్తే తోడించాల్సిందే. మూత తీశాక కాసేపు దూరంగా నిలబడండి. లోపలికి వంగకండి, సిగరెట్టు, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి, పిల్లల్ని లోపలికి పంపేయండి. భయమనిపిస్తే ఆ పని బండివాళ్ల చేతే చేయించండి. ఏదీ కొలవకపోయినా సరే, మూడేళ్లు దాటనివ్వకండి.

దొడ్లో ఏం వేయకూడదో మనకు తెలిసిందే, అయినా వేస్తుంటాం. శానిటరీ ప్యాడ్లు, చంటిపిల్లల డైపర్లు, తడి టిష్యూలు, తలవెంట్రుకలు, గుడ్డపేలికలు. ప్యాడ్లలో ప్లాస్టిక్ ఉంటుంది, ఏ మందుకూ కరగదు. ఎవరూ చూడకుండా పోతుందనే మొహమాటంతో మనం ఫ్లష్ చేసేది, బండి గొట్టానికి అడ్డం పడి ఒక మనిషి చేత్తో లాగాల్సి వస్తుంది. కాగితంలో చుట్టి, విడిగా చెత్తబండికి ఇవ్వండి. 2016 నాటి చెత్త నిర్వహణ నియమాలు కూడా అలాగే ఇవ్వాలని చెప్పాయి. కాగిన నూనె సింకులో పోయకండి. వాన నీళ్లు, డాబా నీళ్లు ట్యాంకులోకి వెళ్లకుండా చూసుకోండి. ఒక్కసారిగా నీళ్లు ముంచెత్తితే మడ్డి లేచి ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది. గుంత ఒకసారి పూడుకుపోతే మళ్లీ తవ్వించడమే. ఫ్లష్ ట్యాంకు కారుతుంటే వెంటనే బాగు చేయించాల్సిందీ ఇందుకే.

లెట్రిన్ కడిగే మందు మామూలు మోతాదులో వాడితే ట్యాంకుకు నష్టం లేదు. సీసాలకు సీసాలు యాసిడ్, ఫినాయిల్ పోస్తేనే చిక్కు. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: యాసిడ్‌నూ, బ్లీచింగ్ పౌడరునూ ఎప్పుడూ కలపకండి. ఒకటి వేసి బాగా కడగక ముందే రెండోది వేయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పనమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి.

రెండు గుంతల లెట్రిన్ ఉన్నవాళ్లకు ఈ లెక్క వేరు. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిది మూసి ఏడాది రెండేళ్లు వదిలేస్తే అది మట్టిలాంటి ఎరువవుతుంది. దానికీ మందు అవసరం లేదు.

బండిని పిలిచేటప్పుడు నలుగురితో వాకబు చేయండి. మునిసిపాలిటీ గుర్తింపు ఉందా, చేతి తొడుగులు, బూట్లు ఉన్నాయా, తోడింది ఎక్కడ పోస్తారు అని అడగండి. సెప్టిక్ ట్యాంకుల సేవల కోసం 2020లో 14420 అనే ఫోన్ నంబరు ప్రకటించారు. అది మీ ఊళ్లో పలకకపోతే మునిసిపల్ ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టరును అడగండి. చాలా ఊళ్లలో ఇప్పటికీ ఆ మురుగును చీకటి పడ్డాక పంట కాలువలోనో, చెరువు గట్టునో వదిలేస్తున్నారు. అదే నీళ్లు తిరిగి మన కూరగాయల మీదికి వస్తాయి. వరంగల్ కార్పొరేషన్ 2016లోనే ఈ బండ్లకు నిబంధనలు పెట్టింది, తోడిన మురుగును శుద్ధి చేసే కేంద్రాన్నీ ఏర్పాటు చేసుకుంది. అక్కడ కుదిరినది మన ఊళ్లో ఎందుకు కుదరదని ఓటు అడగడానికి వచ్చిన కౌన్సిలరును నిలదీయవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు "మనకెందుకు, ఇల్లుగలవాళ్లే చూసుకుంటారు" అనుకోకండి. ఇంట్లో దిగేటప్పుడే ట్యాంకు ఎప్పుడు తోడించారని అడగండి. పొంగితే తొక్కాల్సింది ఇల్లుగలావిడ కాదు, మనమూ మన పిల్లలూ.

చివరగా నేను చెప్పేది ఇంతే. బీరువా తలుపు లోపలివైపు ఓ కాగితం అంటించి, ట్యాంకు తోడించిన తేదీ రాయండి. కింద మూడేళ్ల తర్వాతి తేదీ రాయండి. మీ అమ్మాయికీ, అబ్బాయికీ, కోడలికీ చూపించండి. నెలనెలా పొట్లానికి పెట్టే డబ్బును పోపులడబ్బాలో దాచండి. ఆ తేదీ వచ్చేసరికి బండికి ఇవ్వాల్సిన డబ్బులో మంచి భాగమే అందులో పోగవుతుంది. గడువుకు పిలిచారు గనుక మడ్డి మెత్తగా ఉంటుంది, గొట్టమే లాగేస్తుంది. వచ్చిన మనుషులు పని ముగించుకుని, చేతులు కడుక్కుని, మీరిచ్చిన టీ తాగి వాళ్ల ఇళ్లకు వాళ్లు వెళతారు.